చిన్నాయన జీపుకి ప్లాస్టిక్ బాడీ

మా చిన్నాయనకి ఒక పాత మహీంద్రా కమాండర్ జీపు ఉంది. ఇంజన్ ఎప్పుడో పోయింది. కర్నూలు శివార్లలో ఆయన ఇంటి ముందు, వేపచెట్టు కింద, కోళ్లు దాని నీడన పడుకుంటాయి. ఒకప్పుడు అది కోడుమూరు రూట్లో సర్వీసు జీపు. అందులో ఎంతమంది ఎక్కేవాళ్లో చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు.

నా రిమోట్ కంట్రోల్ క్రాలర్‌కి ఆ జీపు బాడీనే వేయాలని నా కోరిక. క్రాలర్ అంటే రయ్యిమని పరిగెత్తే బొమ్మ కారు కాదు, బండరాళ్ల మీద నత్తలా పాకుతూ ఎక్కేది. దానికి దొరికే బాడీలన్నీ దాదాపు అమెరికా, జపాన్ బండ్లవే. కమాండర్ కావాలంటే మనమే చేసుకోవాలి.

ఒక ఆదివారం టేపు పట్టుకుని జీపు మొత్తం కొలిచాను. పదో వంతుకు కుదిస్తే మొదటి చిక్కు అక్కడే తేలింది. నా చాసిస్‌లో ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 313 మి.మీ. జీపు కొలత దానికంటే నాలుగు సెంటీమీటర్లు తక్కువ వచ్చింది. చాసిస్ కొయ్యడానికి మనసొప్పక, డ్రైవర్ సీటు వెనక భాగాన్నే నాలుగు సెంటీమీటర్లు సాగదీశాను. ఎవరు పట్టుకుంటారులే అనుకున్నాను.

బాడీ చేసే పద్ధతి వినడానికి చాలా సులువు. ప్లాస్టిక్ షీటును వేడి చేసి మెత్తబడనివ్వాలి, అచ్చు మీద పరవాలి, కింద నుంచి గాలి లాగేయాలి. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనరే చాలు. మంచిదైతే వాతావరణ పీడనంలో ఐదో వంతు దాకా లాగగలదు. నా షీటు 35 సెం.మీ. వెడల్పు, 55 సెం.మీ. పొడవు. ఆ కాస్త పీడనమే అంత షీటు మీద మూడు వందల కిలోలకు పైగా బరువై కూర్చుంటుంది. పై నుంచి నొక్కేది మన చుట్టూ ఉన్న గాలే.

అచ్చు టేకు ముక్కలతో మొదలుపెట్టాను. మా వీధి వడ్రంగి ఆచారి బానెట్ వంపు చెక్కి ఇచ్చి, "ఏందప్పా ఇది, పెట్టెనా పీటనా?" అన్నాడు. మిగతాదంతా ఫాల్స్ సీలింగ్ వాళ్లు వాడే ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో నింపి, ఐదు రోజులు మిద్దె మీద ఎండబెట్టాను. గ్రిల్లు గాడుల్లో, బానెట్‌కీ అద్దానికీ మధ్య మూలలో ఒక మి.మీ. డ్రిల్లుతో రంధ్రాలు వేశాను. గాలి పోవడానికి దారి లేకపోతే షీటు ఆ మూలల్లోకి దిగదు.

హీటరు అంటే రేకు పెట్టెలో బిగించిన కరెంటు పొయ్యి కాయిళ్లు, మూడు. వేడి కొలవడానికి కోవిడ్ టైములో కొన్న నుదుటి థర్మామీటరు పెట్టి చూశాను. అది "హై" అని చూపించి ఊరుకుంది. జ్వరం చూసే దానికి 180 డిగ్రీలు ఎక్కడ అర్థమవుతుంది! ఫ్యాక్టరీల్లో వాడే రకం తెప్పించుకున్నాను.

చేయి తిరగడానికి ముందు చవక పీవీసీ షీట్లు వాడాను. పీవీసీ మాడితే వచ్చే పొగ మంచిది కాదు, అందుకే పని మొత్తం మిద్దె మీదే. మొదటి బాడీ చాలా బాగా వచ్చింది. గ్రిల్లు, హెడ్‌లైట్లు, తలుపు గీతలు అన్నీ దిగాయి. కానీ అచ్చు నుంచి ఊడి రాలేదు. చల్లారేటప్పుడు ప్లాస్టిక్ కుంచించుకుని అచ్చును పట్టేస్తుంది. నేనేమో అసలు జీపులాగే పక్క గోడలు నిట్టనిలువుగా పెట్టాను. స్క్రూడ్రైవరు దూర్చి లాగితే బాడీ చినిగింది, అచ్చు మూల కూడా పెచ్చు లేచింది. అరగంట దానివంక చూస్తూ కూర్చున్నాను. మరుసటి రోజు ఉప్పుకాగితం తీసుకుని పక్కలన్నీ మూడు డిగ్రీలు వాలుగా అరగదీశాను, అంటే పది సెంటీమీటర్ల ఎత్తుకు ఐదు మి.మీ. లోపలికి. కంటికి పెద్దగా తేడా తెలియదు. కాస్త టాల్కం పౌడర్ చల్లితే ఆ తర్వాతి బాడీ అరచేత్తో తడితే ఊడొచ్చింది.

ఆ పీవీసీ బాడీని మే నెల మధ్యాహ్నం కారు డాష్‌బోర్డ్ మీద మరిచిపోయాను. సాయంత్రానికి అప్పడంలా వంకర్లు తిరిగింది.

అసలు బాడీకి పాలీకార్బోనేట్ కావాలి. మా వాళ్లు లెక్సాన్ అంటారు. ఒక మి.మీ. మందం చాలు. రాయి మీద పడినా వంగి మళ్లీ లేస్తుంది, తేలిక కూడా. క్రాలర్‌కి పైన బరువు ఎక్కువైతే వాలు ఎక్కేటప్పుడు పక్కకు పడిపోతుంది. కానీ ఈ షీటు మహా మొండిది. మొదటి షీటు 185 డిగ్రీలకు వచ్చేసరికి లోపల సన్నటి బుడగలు లేచాయి, సోడా సీసాలో లాగా. షీటు చెడ్డదని కొట్టువాణ్ని మనసులో తిట్టుకున్నాను. తప్పు నాదే. పాలీకార్బోనేట్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది, వేడికి అదే ఆవిరై బుడగ కడుతుంది. ముందుగా 125 డిగ్రీల దగ్గర గంటన్నర ఆరబెట్టాలి.

మా ఇంటి ఓవెన్‌లో అంత షీటు పట్టదు. వీధి చివర బేకరీ అన్నని అడిగాను. బ్రెడ్డు పని అయిపోయాక రాత్రి రమ్మన్నాడు. కరెంటు ఓవెన్, డిగ్రీలు పెట్టుకోవచ్చు. షీటు మీది రెండు వైపుల పొరలూ ఒలిచి ట్రేలో పెట్టాను. "బిస్కెట్లా అయితే ఎన్ని నిమిషాలో చెప్పేవాణ్ని. దీన్ని కాల్చమంటావు గానీ తినమనవు కదా?" అన్నాడు. అప్పటి నుంచి ఆ అన్న దగ్గర వారానికి రెండు పఫ్‌లు కొనడం నాకు బాకీ తీర్చుకున్నట్టు ఉంటుంది.

ఆరిన షీటును వెంటనే తెచ్చి ఫ్రేములో బిగించాం. ఇక్కడ గడియారం కంటే కన్నే ముఖ్యం. షీటు మొదట అలలు అలలుగా వంకర్లు పోతుంది, చూస్తే భయమేస్తుంది. తర్వాత ఆ అలలు పోయి డప్పు చర్మంలా బిగుస్తుంది. ఆ తర్వాత నడుమ మెల్లగా జారడం మొదలవుతుంది. పక్కన నుంచి చూస్తే ఉయ్యాలలా సమంగా దిగాలి. అప్పుడు అచ్చు మీదికి దించాలి. దించాక మూడు నాలుగు సెకన్లే టైము, పాలీకార్బోనేట్ చాలా త్వరగా గట్టిపడిపోతుంది. నేను ఫ్రేము నొక్కి "వెయ్యిరా!" అని అరిస్తే తమ్ముడు వాక్యూమ్ స్విచ్ వేశాడు. టప్పుమని అంటుకుంది. బానెట్ మొదట్లో ఒక పక్క చిన్న మడత వచ్చింది కానీ ఇంకో షీటు కాల్చే ఓపిక లేదు.

బాడీ గాజులా పారదర్శకం కాబట్టి రంగు లోపలి వైపు వేయాలి, పైన గీతలు పడినా రంగు చెక్కుచెదరదు. నల్ల అంచులు ముందు, తెలుపు ఆఖర్న, మామూలు పెయింటింగుకి తలకిందులు. ప్రాక్టీసు బాడీ మీద మామూలు కారు స్ప్రే కొడితే రెండు రోజుల్లో పెచ్చులుగా రాలింది. లెక్సాన్‌కే తయారుచేసిన స్ప్రే కొనక తప్పలేదు.

బాడీ బిగించి తుంగభద్రలో నీళ్లు తగ్గిన చోట, రాళ్ల మీద నడిపాం. చిన్నాయన్ని కూడా తీసుకెళ్లాను. మోకాలెత్తు బండ ఎక్కి, ఒక చక్రం గాలిలో ఊగించి, అవతలికి దిగింది. ఆయన మడతను పట్టించుకోలేదు, గ్రిల్లునూ చూడలేదు. వంగి వెనక భాగం మీద వేలు పెట్టి, "ఏరా అబ్బీ, ఇది మనదానికంటే పొడుగుందే. ఇంకో నలుగుర్ని ఎక్కించేవాణ్ని" అన్నాడు.