డీవీడీ డ్రైవ్‌లతో ముగ్గు మిషన్: అమ్మ కలిపిన ఒక్క చుక్క

హన్మకొండ చౌరస్తాకు దగ్గర్లో పన్నెండేళ్లుగా కంప్యూటర్ రిపేర్ షాపు నడుపుతున్నాను. బల్ల కింద ఒక పెద్ద అట్టపెట్టె ఉంటుంది. కస్టమర్లు "వద్దులే అన్నా, నువ్వే పడేయ్" అని వదిలేసిన సామానంతా అందులోకే పోతుంది. ఆ మధ్య ఒకరోజు దాన్ని సర్దుదామని కూర్చుంటే నిండా డీవీడీ డ్రైవ్‌లే కనిపించాయి. ఇప్పుడు పెండ్లి వీడియో కూడా ఫోన్‌లోకే వస్తోంది, డిస్కు ఎవరికి కావాలి? తుక్కు దుకాణంలో కిలో లెక్కన తీసుకుంటామన్నారు. ఒక్కో డ్రైవ్‌లో ఎంత నాజూకైన పనితనం ఉంటుందో రోజూ చూసేవాణ్ని, ఇవ్వబుద్ధి కాలేదు.

బొమ్మలు గీసే చిన్న మిషన్ చేద్దామన్న ఆలోచన అప్పుడే వచ్చింది. సంగతి సులువైనదే. డ్రైవ్‌లో లెన్సును ముందుకూ వెనక్కూ జరిపే చిన్న బండి ఒకటి ఉంటుంది. ఒక బండి మీద కాగితం పెట్టి, ఇంకో బండిని దానికి అడ్డంగా నిలబెట్టి పెన్ను కడితే చాలు. ఒకటి ఎక్స్, ఇంకొకటి వై. రెండూ కలిసి కదిలితే గీత పడుతుంది.

ముందున్న చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చితే ట్రే బయటికి వస్తుంది, కింద నాలుగు స్క్రూలు తీస్తే డబ్బా ఊడుతుంది. అలా ఆరు విప్పాను. రెండు పనికిరాలేదు. వాటిలో బండిని జరిపేది పళ్లచక్రాలున్న మామూలు డీసీ మోటారు. కరెంటు ఇస్తే గిర్రున తిరుగుతుందే తప్ప ఎంత తిరిగిందో మనకు తెలియదు. మనకు కావాల్సింది లెక్కపెట్టిన అడుగుల చొప్పున తిరిగే స్టెప్పర్ మోటారు. దాని ఇరుసే మరలున్న సన్నని కడ్డీ, వైర్లు నాలుగు. మరల కడ్డీ కనిపిస్తే ఉంచుకోండి, పళ్లచక్రాలు కనిపిస్తే పక్కన పెట్టండి. లెన్సు దగ్గరున్న లేజర్‌కు మాత్రం సరదాకైనా కరెంటు ఇవ్వొద్దు. డీవీడీ రైటర్ లేజర్ కంటిని దెబ్బతీస్తుంది.

నాలుగు వైర్లలో ఏ రెండు జత అన్నది తేల్చడానికి మల్టీమీటర్ పెట్టాను. జత దొరికితే 10 ఓముల దాకా చూపిస్తుంది, జత కాకపోతే ఏమీ చూపించదు. తర్వాత మా షాపుకు లాప్‌టాప్ తెచ్చిన నిట్ కుర్రాడు (మా పెద్దవాళ్లు ఇప్పటికీ ఆర్‌ఈసీ అనే అంటారు) ఇంకో చిట్కా చెప్పాడు. రెండు వైర్లను ఒకదానికొకటి తాకించి ఇరుసును వేలితో తిప్పితే, జత అయినప్పుడు గట్టిగా తగులుతుంది. మీటరు లేనివాళ్లకు పనికొస్తుంది. సోల్డరింగ్ మాత్రం చిరాకు పెట్టింది. ఆ నాలుగు బొట్లూ ఆవగింజల్లా ఉంటాయి, వేడి కాస్త ఎక్కువైతే చుట్టూ ప్లాస్టిక్ కరుగుతుంది. ఒక మోటారు అలాగే పోయింది. పన్నెండేళ్ల సర్వీసు ఉందన్న గర్వం కూడా కొంచెం పోయింది.

ఫ్రేముకు పాత క్యాబినెట్ పక్క రేకు వాడాను. బయట కొన్నవి మూడే: ప్రోగ్రాము నడిపే చిన్న బోర్డు ఆర్డుయినో ఉనోకు నకలు 450, మోటార్లకు కరెంటు పంపే ఎల్293డీ చిప్ ఉన్న మోటార్ షీల్డ్ 220, పెన్ను ఎత్తడానికి చిన్న సర్వో మోటారు 130. మొత్తం 800 రూపాయలు. మిగిలిందంతా పెట్టెలోదే. కరెంటుకు పాత కంప్యూటర్‌లోని పవర్ సప్లై డబ్బా, ఎస్‌ఎంపీఎస్, ఉంది. ఆకుపచ్చ వైరును నల్ల వైరుకు కలిపితే మదర్‌బోర్డు లేకుండానే ఆన్ అవుతుంది.

ఇక్కడే తొందరపడ్డాను. ఎర్ర వైరులో 5 వోల్టులు, పసుపు వైరులో 12 వోల్టులు వస్తాయి. ఎర్ర వైరుతో పెడితే మోటారు నీరసంగా కదిలింది. పసుపు వైరు తగిలించగానే భలే ఉరికింది. రెండు నిమిషాలయ్యాక చిప్ మీద వేలు పెట్టి చురుక్కుమని తీసేశాను. 10 ఓములకు 12 వోల్టులంటే లెక్కకు ఆంపియర్ పైమాటే, ఆ చిప్ ఒక్కో దారిలో మోయగలిగింది 600 మిల్లీ ఆంపియర్లే. ఈ లెక్క నాకు తెలియక కాదు, వెయ్యకపోవడమే తప్పు. మళ్లీ ఎర్ర వైరుకే వచ్చాను. చిప్ తన వంతు కొంత మింగేసినా మిగిలిన వోల్టేజీ ఈ పనికి సరిపోతుంది, నిదానంగా నడపాలంతే. బాల్ పెన్ను తీసేసి జెల్ పెన్ను పెట్టాను. బాల్ పెన్నును కాగితానికి అదిమి పట్టాలి, అంత అదిమితే ఈ మోటారు అడుగులు తప్పుతుంది.

మొదటి బొమ్మ మా ఊరివాణ్ని కనుక ఇంకేం పెడతాను, కోటలోని కాకతీయ తోరణం. ఫొటోను ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో గీతలుగా మార్చి, ఎటు ఎంత కదలాలో మిషన్‌కు చెప్పే జీ-కోడ్ తీసి పంపించాను. 35 మిల్లీమీటర్ల తోరణం, అగ్గిపెట్టె మీద బొమ్మంత. వంకరటింకరగానే ఉన్నా తోరణమని గుర్తు పట్టవచ్చు. ఆ రాత్రి టెన్షన్ లేకుండా నిద్రపోయాను.

మర్నాడు అమ్మ వాకిట్లో వేసిన మెలికల ముగ్గును ఫొటో తీసి అదే పద్ధతిలో పంపాను. బయటికొచ్చింది చూసి అమ్మ కళ్లజోడు సవరించుకుంది.

"ఒక్క గీత గీస్తే నీ మిషన్ రెండు గీతలు గీసిందేందిరా?"

నిజమే. ఫొటోను గీతలుగా మార్చినప్పుడు సాఫ్ట్‌వేర్ గీతను గీతగా చూడదు, మందమున్న ఆకారంగా చూస్తుంది. దానికి ఇటు అంచు ఒకటి, అటు అంచు ఒకటి. తోరణంలో రాతికి మందం ఉంది కనుక ఆ జంట గీతలు సహజంగా కనిపించి నాకు తప్పు తెలియలేదు. పైగా ఆ అంచులు ముక్కలు ముక్కలుగా వస్తాయి, ప్రతి ముక్కకూ పెన్ను లేవాలి, దిగాలి. నా మిషన్‌లో అన్నిటికన్నా బలహీనమైన పని అదే. దిగిన ప్రతిచోటా సిరా మరక పడుతోంది.

ఫొటో వద్దు, చుక్కలు లెక్కపెట్టి నేనే గీయిస్తాననుకున్నాను. నాలుగు వరసలు, వరసకు నాలుగు చుక్కలు. చుక్కల మధ్య ఏటవాలుగా పోయి, అంచు తగలగానే మళ్లి వచ్చే గీత. కాగితం మీద గీసి చూస్తే పోయిన గీత పోయినట్టే మొదటికి వచ్చేసి ముగిసింది, ముగ్గేమో సగం కూడా కాలేదు. మళ్లీ ఇంకోచోట మొదలుపెట్టాల్సి వచ్చింది. అలా నాలుగు గీతలయ్యాయి. అమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ ఇటు చూడకుండానే అంది:

"నాలుగుకు నాలుగు పెడితే గీత ఎట్ల కలుస్తదిరా? పక్కకు ఒక్క చుక్క ఎక్కువ పెట్టు."

పెట్టాను. నాలుగు వరసలు, వరసకు అయిదు. ఎక్కడ మొదలుపెట్టానో అక్కడికే, మధ్యలో పెన్ను ఎత్తకుండా, ఏ చుక్కనూ వదలకుండా గీత వచ్చి కలిసింది. తర్వాత తీరిగ్గా కూర్చుంటే అర్థమైంది, ఇది బడిలో చెప్పిన గసాభా, అంటే రెండు అంకెలనూ శేషం లేకుండా భాగించే అతి పెద్ద అంకె. నాలుగుకూ నాలుగుకూ గసాభా 4, అందుకే నాలుగు గీతలు. నాలుగుకూ ఆరుకూ అయితే రెండు. నాలుగుకూ అయిదుకూ ఒకటే. అమ్మ నాలుగో తరగతితో బడి మానేసింది.

ఇంకో సంగతి మాత్రం నేనే పట్టుకున్నాను, అది చెప్పుకోకపోతే నాకు నిద్రపట్టదు. ఈ మోటారు 20 అడుగులు వేస్తే ఒక చుట్టు పూర్తవుతుంది, చుట్టుకు బండి 3 మిల్లీమీటర్లు జరుగుతుంది. అంటే అడుగుకు 0.15 మిల్లీమీటరు. వంపు గీతల్లో ఆ అడుగులు రంపపు పళ్లలా కనిపిస్తాయి. కానీ చుక్కకూ చుక్కకూ 6 మిల్లీమీటర్లు పెడితే, గీత మళ్లే ప్రతి చోటూ సరిగ్గా చుట్ల లెక్కకు వస్తుంది. ఎక్కడా అర చుట్టు లేదు, పావు చుట్టు లేదు. గీతలన్నీ ఏటవాలే కనుక ఎక్స్ ఒక అడుగు వేస్తే వై ఒక అడుగు వేస్తుంది, పళ్లు కనిపించవు. జీ-కోడ్ పక్కన పడేసి చుట్లలోనే, ముందు ఎక్స్, తర్వాత వై, రాసుకున్నాను: (1, 0) నుంచి (9, 8), అక్కడి నుంచి (10, 7), తర్వాత (3, 0), (0, 3), (5, 8)... ఇలా 18 గీతలకు మళ్లీ (1, 0). ముగ్గు మొత్తం 30 మిల్లీమీటర్ల వెడల్పు, 24 ఎత్తు. బండి జరగగలిగే 38 మిల్లీమీటర్లలో హాయిగా ఇమిడింది. మూలలు కోసినట్టు వస్తాయి, అమ్మ చేతిలోలా గుండ్రంగా తిరగవు. అది ఒప్పుకున్నాను.

పెన్ను ఒక్కసారి దిగింది, చివర్లో లేచింది. మరక లేదు. కాగితం తీసి అమ్మకు చూపించాను.

"చుక్కలేవిరా? చుక్కలు లేకుంట ముగ్గేంది?"

ఇరవై చుక్కలు. అంటే ఇరవై సార్లు పెన్ను దిగాలి, లేవాలి. దేన్ని తప్పించుకున్నానని సంబరపడ్డానో అదే మళ్లీ ఎదురైంది. పెన్ను పట్టుకునే ప్లాస్టిక్ ముక్కకు బాల్ పెన్ను స్ప్రింగ్ పెట్టి నడిపితే ఇరవైలో ఏడెనిమిది చుక్కలకు తోకలొచ్చాయి. "కప్పపిల్లల లెక్క ఉన్నయి" అంది అమ్మ. స్ప్రింగ్ మార్చాను, పెన్ను మార్చాను, తోకలు పోలేదు. రెండు రోజుల తర్వాత దొరికింది. తప్పు పెన్నుది కాదు, నా ప్రోగ్రాముది. లేవమని సర్వోకు చెప్పిన వెంటనే మోటార్లను కదలమంటున్నాను. సర్వో 60 డిగ్రీలు తిరగడానికే దాదాపు సెకనులో పదో వంతు పడుతుంది, అది లేచేలోపు బండి బయల్దేరిపోతోంది. మధ్యలో 300 మిల్లీసెకన్లు ఆగమని ఒక్క లైను రాశాను. తోకలు పోయాయి.

ముందు చుక్కలు, తర్వాత గీత, అమ్మ వేసే వరసలోనే. ఆ కాగితం ఇప్పుడు షాపులో బల్ల అద్దం కింద ఉంది. అమ్మ మాత్రం ఏడుకు ఎనిమిది వేయమంటోంది. ఎనిమిది చుక్కలంటే 48 మిల్లీమీటర్లు, నా బండి అంత దూరం పోదు. ఎవరైనా పాత ఇంక్‌జెట్ ప్రింటర్ వదిలేసి పోతారేమోనని చూస్తున్నాను.