38 చుక్కల వెడల్పులో మంగమ్మ

బాల్డర్స్ గేట్ రెండవ భాగం 2000లో వచ్చిన కంప్యూటర్ ఆట. పాతికేళ్లు గడిచినా నేను ఏడాదికొకసారైనా దాన్ని మొదటి నుంచి ఆడతాను. ఆడిన ప్రతిసారీ, ఆట మొదలుకాకముందే రెండు వారాల సాయంత్రాలు పాత్రల ముఖచిత్రాలు దిద్దుకోవడానికే ఖర్చయిపోతాయి. మనం తయారుచేసుకునే పాత్రకు మనకు నచ్చిన బొమ్మ పెట్టుకునే సౌకర్యం ఆ ఆటలో ఉంది. ఈసారి ఎవరో గీసిన పాశ్చాత్య యోధుల బొమ్మలు వద్దనుకుని, శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే అక్కను, మా చిన్నమ్మ కూతురిని, ఒక యోధురాలి బొమ్మ వేసిమ్మని అడిగాను. పేరు మంగమ్మ అని ముందే నిర్ణయించుకున్నాను. తిరుచానూరుకు కూతవేటు దూరంలో పెరిగినవాడికి ఇంకో పేరు అంత తొందరగా తోచదు.

ఆ పేరే మొదటి అడ్డంకి అయింది. ఆ ఆటలో ఒక్కొక్క పాత్రకు మూడు కొలతల్లో బొమ్మలుండాలి: పాత్రను సృష్టించేటప్పుడు కనబడేది 210×330 చుక్కలు (పిక్సెళ్లు), వివరాల పుటలో కనబడేది 110×170, ఆట సాగుతున్నంతసేపూ తెర కుడి అంచున ఉండేది 38×60. మూడూ 24 బిట్ల బీఎంపీ అనే రకం బొమ్మ ఫైళ్లే కావాలి. ఫైలు పేరు చివర వరుసగా ఎల్, ఎం, ఎస్ అక్షరాలుండాలి, ఆ అక్షరంతో కలిపి పేరు మొత్తం ఎనిమిది అక్షరాలు దాటకూడదు. మంగమ్మ అని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తేనే ఎనిమిదవుతాయి, ఇక ఎల్ పెట్టడానికి చోటెక్కడిది? ఆటలో బొమ్మ ఎందుకు కనబడడం లేదో తెలియక ఒక రాత్రంతా పాడుచేసుకుని, చివరికి ఫైలు పేరును మంగ అని కుదించాను. పైగా ఈ మూడు కొలతల నిష్పత్తి కూడా ఒకటి కాదు. వెడల్పును ఎత్తుతో భాగిస్తే పెద్దదానికి 0.636, మధ్యదానికి 0.647 వస్తుంది. అందువల్ల ఒకదాన్ని లాగి ఇంకొకదానిలో ఇరికిస్తే ముఖం కొద్దిగా ఉబ్బుతుంది. ప్రతిదాన్నీ విడిగా కత్తిరించుకోవలసిందే.

చాలామంది పెద్ద బొమ్మ మీద ప్రాణం పెట్టి, చిన్నదాన్ని కుదించి వదిలేస్తారు. నేనూ కొన్నేళ్లు అలాగే చేశాను. కానీ 69,300 చుక్కలున్న ఆ పెద్ద బొమ్మను ఆటలో మనం చూసేది కొన్ని నిమిషాలే. వంద గంటలపాటు కంటి ముందు ఉండేది 2,280 చుక్కల చిన్న బొమ్మ. నాకు దిద్దడానికి ఒకే పూట దొరికితే, ఆ పూటంతా చిన్నదానికే ఇస్తాను.

ఈ బుద్ధి నాకు గోవిందరాజస్వామి గుడి దగ్గర ఫోటో స్టూడియో నడిపిన మా మామ వల్ల వచ్చింది. నలుపు తెలుపు రోజుల్లో ఆయన సన్నగా చెక్కిన పెన్సిలుతో నెగటివ్ మీదే టచింగ్ చేసేవాడు. నెగటివ్ మీద పెన్సిలు నలుపు పడిన చోట ప్రింటులో తెల్లబడుతుంది కనుక, చెంప మీది గుంటలూ కంటి కింది నీడలూ ఆ పెన్సిలు మొనతోనే పూడిపోయేవి. అయితే స్టాంపు సైజు ఫోటో అడిగినవాళ్లకు ఆయన టచింగ్ దాదాపు మానేసి, ముఖాన్ని మాత్రం బాగా దగ్గరకు తెచ్చి ప్రింటు వేసేవాడు. ఎందుకని అడిగితే, "అంత సన్న దాంట్లో గుంటలెవురు సూస్తార్రా, కండ్లు కనబడితే సాలు" అనేవాడు.

అక్క పంపిన మంగమ్మ గుడ్డ మీద బొమ్మ. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేసిన నూలు గుడ్డ మీద, తుప్పు పట్టిన ఇనుమూ బెల్లమూ ఊరబెట్టి తీసిన కసిమితో వెదురు కలం పట్టి గీసిన నల్లటి గీతలు. ముఖానికి పసుపు, చీరకు ఎరుపు. మిద్దె మీద ఉదయపు వెలుతురులో ఫోటో తీసి, బొమ్మలు దిద్దే జింప్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, నేరుగా 38 చుక్కలకు కుదించాను. ముఖమంతా అలలు అలలుగా ఏదో పాకింది. చూడగా అది గుడ్డ నేత. పడుగు పేకల గళ్లు చుక్కల గళ్లతో పొత్తు కుదరక అలలుగా తేలాయన్నమాట. కుదించే ముందు బొమ్మను కొద్దిగా మసకబరిచి, కుదించిన తరువాత అంచులకు పదును పెడితే ఆ అలలు పోయాయి, కానీ వాటితోపాటు అక్క గీతలు కూడా పోయాయి. గుడ్డ మీద నిండుగా ఉన్న నల్లని గీత, కుదించాక చుక్కలో నాలుగో వంతు కూడా లేక బూడిదరంగులో కలిసిపోయింది.

ఇక మిగిలింది చేత్తో దిద్దడమే. తెర మీద ఎనిమిది రెట్లు పెంచుకుని, కనుబొమ ఒక వరుస, కంటి పైరేఖ ఒక వరుస నల్ల చుక్కలతో మళ్లీ వేశాను. ఒక్కొక్క కంటికి నాకు దక్కిన వెడల్పు అయిదు చుక్కలు. అందులో నడిమి రెండు నలుపు, అటూ ఇటూ తెలుపు. నలుపులో పైవరుసన ఒకే ఒక చుక్కను లేత పసుపు చేయగానే మంగమ్మ చూడడం మొదలుపెట్టింది. ఆ చుక్కను ఒక గడి కిందికి జరిపితే నిద్రమత్తులో ఉన్నట్టుంది, పక్కకు జరిపితే మెల్లకన్ను వచ్చింది.

కంటి సంగతి తేలాక చూపు దిక్కు సమస్యైంది. చిన్న బొమ్మలు తెర కుడి అంచున నిలువుగా ఉంటాయి కనుక, పాత్ర మనకు ఎడమవైపు చూస్తే ఆటలోకి చూస్తున్నట్టు, కుడివైపు చూస్తే తెర బయట ఎవరినో వెతుకుతున్నట్టు ఉంటుంది. అక్క వేసిన మంగమ్మ కుడివైపు చూస్తోంది. ఒక్క నొక్కుతో మూడు బొమ్మలనూ అద్దంలోలాగా తిప్పేసి, గర్వంగా మామకు చూపించాను. ఆయన అద్దాలు సర్దుకుని ఒక్క క్షణం చూసి, "ఏందిరా అబ్బయ్యా, ఈయమ్మ పైట కుడిపక్కకి ఏసుకోనుండాది?" అన్నాడు. కత్తి కూడా ఎడమ చేతికి మారిందని అప్పుడు గమనించాను. చివరికి పెద్దదీ మధ్యదీ అక్క వేసినట్టే ఉంచి, పైట కనబడనంత దగ్గరగా కత్తిరించిన చిన్నదాన్ని మాత్రం తిప్పాను. పెద్ద బొమ్మకూ చిన్న బొమ్మకూ చూపు కలవదు నిజమే, కానీ ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూసే తీరిక ఆటలో ఎవరికుంటుంది?

ఈ బాధలు ఒక్క ఆటకే పరిమితం కావు. 2002లో వచ్చిన నెవర్‌వింటర్ నైట్స్‌లో ఒక్కొక్క పాత్రకు అయిదు కొలతలు, అన్నిటికంటే పెద్దది 256×512, అందులో పైన 400 వరుసలే కనబడతాయి, కింది 112 వరుసలు వృథా. బొమ్మ కొలతలు 2ను 2తోనే హెచ్చిస్తూ పోతే వచ్చే సంఖ్యల్లో (128, 256, 512 లాగా) ఉండాలన్న అప్పటి గ్రాఫిక్స్ కట్టుబాటు కోసం పెంచిన ఖాళీ అది. 2018 నాటి పాత్‌ఫైండర్ కింగ్‌మేకర్‌లో చిన్నది కూడా 185×242. అక్కడ కళ్లను చుక్క చుక్కగా కట్టే పని తప్పింది.

అన్నీ సరిచేశాననుకున్నాక మంగమ్మ చచ్చిపోయింది. దెబ్బ తగిలేకొద్దీ ఆ చిన్న బొమ్మ మీద ఎరుపు పరుచుకోవడమే ఆ ఆటలో ప్రమాద సూచన. మంగమ్మది ఎర్ర చీర, వెనక నేల కూడా నేను ముచ్చటపడి పెట్టిన ఇటుక రంగు. ఆమె సగం ప్రాణంతో పోరాడుతున్న సంగతి నా కంటికి ఆనలేదు. ఆమే ముఖ్యపాత్ర కనుక ఆమెతోపాటు ఆట కూడా ముగిసింది, సేవ్ చేసి గంటపైనే అయింది. ఆ రాత్రే వెనక నేలను నీలిమందు రంగుకు మార్చి, చీర ఎరుపును బాగా తగ్గించాను.

మొన్న ఇంటికి వచ్చినప్పుడు అక్కకు తెర మీద మంగమ్మను చూపించాను. ఆమె ముఖం దగ్గరగా పెట్టి చాలాసేపు చూసి, ఇందులో తన గీత ఏదని అడిగింది. కనుబొమా పైరేఖా కూడా నేను మళ్లీ వేసినవేనని ఒప్పుకున్నాను. తరువాతి బొమ్మ, విలుకాడు వీరన్న, ఇప్పుడు ఆమె దగ్గరే ఉన్నాడు. ఈసారి మొద్దు కలం పట్టి గీస్తున్నానని, ఎడమవైపే చూస్తున్నాడని నిన్న ఫోను చేసి చెప్పింది.