మంగమారిపేట ఒడ్డున మా అనంతపురం పిల్లలు

"పిల్ల నల్లబడకుండా చూసుకోండి మేడం." రైలు నంద్యాల చేరేలోపే ఈ మాట ఎంతమంది తల్లులు ఫోన్ చేసి చెప్పారో. ఒకరిద్దరు సన్‌స్క్రీన్ ట్యూబులు కొని పంపారు, ఒకావిడ గొడుగు పంపింది. ధర్మవరం పిల్ల వాళ్ల నాన్న అయితే, "సముద్రం దగ్గరికి పోనీయొద్దండి" అన్నాడు. మేం పోతున్నదే సముద్రానికి. నీళ్లలో పిల్లల్ని ఎవరు కనిపెట్టుకుంటారు, అక్కడ లైఫ్‌గార్డులు ఉంటారా అని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఇదంతా రాయాలనిపించడానికి మొదటి కారణం ఆ ఫోన్లే.

మాది ఆడపిల్లల హాస్టల్ స్కూలు. ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లని వేసవి క్యాంపుకు తీసుకెళ్లాం. పిల్లల పేర్లు రాయడం బాగుండదు కాబట్టి వాళ్ల ఊళ్ల పేర్లతోనే చెప్తాను. అందరూ చెరువులు ఎండిపోవడం చూస్తూ పెరిగినవాళ్లే. సముద్రాన్ని టీవీలో తప్ప చూడలేదు.

విశాఖ స్టేషన్ బయట ఆటోవాళ్లు అడిగిన రేట్లు వింటే ఒళ్లు మండింది. భీమిలి రోడ్డులో మంగమారిపేటకు ఒక్కో ఆటోకు వెయ్యి రూపాయలట! బ్యాగులు మోసుకుంటూ వెళ్లి అందరం 900కె బస్సు ఎక్కాం. ఆధార్ కార్డులు చూసి సున్నా టికెట్లు కొట్టేసరికి కండక్టర్‌కు చెమటలు పట్టాయి కానీ పాపం ఒక్కసారి కూడా విసుక్కోలేదు. సాగర్ నగర్ దాటాక కుడివైపు సీట్ల కోసం పిల్లలు పోట్లాడుకున్నారు. ఉరవకొండ పిల్ల మాత్రం మాట్లాడకుండా కిటికీ కమ్మీ పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి, "మేడం, అవతలి గట్టు యాడుంది?" అంది. లేదని చెప్తే నమ్మలేదు.

క్యాంపు అంటే గుడారాలు ఉంటాయని పిల్లలు అనుకున్నారు. అద్దెకు తీసుకున్న రెండంతస్తుల ఇల్లు, చాపలు, డాబా మీద దోమతెరలు, అంతే. నడిపేది ఒక రిటైరైన పీఈటీ మేడం, ఆమె దగ్గర ఈత నేర్చుకుని ఇప్పుడు ఈత నేర్పుతున్న ఇద్దరమ్మాయిలు. పిల్లలందరూ వాళ్లని అక్కా అనే పిలిచేవాళ్లు. ఏప్రిల్ నెలాఖరులో అక్కడ ఐదున్నరకే సూర్యుడు సముద్రంలోంచి పైకి వచ్చేస్తాడు. మా వైపు కంటే దాదాపు అరగంట ముందు. ఐదింటికి విజిల్ వేస్తే మొదటి రోజు సగం మంది లేవలేదు, మూడో రోజుకు విజిల్ అవసరమే రాలేదు. బాత్రూము దగ్గర బకెట్ల వరస, జడలు వేయించుకోవడానికి ఇంకో వరస. ఉక్కపోత మాత్రం భరించలేకపోయాం. మా ఊళ్లో ఎండ ఎంత కాసినా నీడకు వెళ్తే ప్రాణం లేచొస్తుంది. ఇక్కడ నీడలో కూడా చెమటే. ఉతికిన బట్టలు తాడు మీద రెండు రోజులున్నా చెమ్మ పోవు, కట్టుకుంటే ఒంటికి ఉప్పు గరగరలాడుతుంది. వంటమనిషి రోజూ ఉప్మా చేస్తుంటే తాడిపత్రి పిల్ల వంటింట్లోకి వెళ్లి మరమరాలు నానబెట్టి, పుట్నాల పొడి కొట్టి, ఉగ్గాని ఎలా చేయాలో ఆమెకు చూపించింది. మర్నాటి నుంచి బజ్జీలతో సహా అదే టిఫిను. అప్పటికి గాని ఇల్లు గుర్తొచ్చి ఏడ్చేవాళ్ల ఏడుపు ఆగలేదు.

అసలు చెప్పాల్సింది నీళ్ల పాఠం గురించి. మొదటి రెండు రోజులు ఎవరినీ నీళ్లలో కాలు పెట్టనివ్వలేదు. పిల్లలకు ఉడుకుమోత్తనం వచ్చింది, నాకూ కొంత విసుగొచ్చింది. ఇంత దూరం వచ్చి ఇసుకలో పరుగులేమిటని. రెండో రోజు పొద్దున పీఈటీ మేడం అందరినీ ఒడ్డు పైనున్న ఇసుక మిట్ట మీదికి తీసుకెళ్లింది. అక్కడ పడవ నీడలో ఒక ముసలాయన వల బాగు చేసుకుంటున్నాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ప్రభుత్వం ఏటా ఆపుతుంది. ఆ రోజుల్లో ఒడ్డంతా ఇలా వలలు కుట్టేవాళ్లే. ఆయన లేచి పిల్లల్ని ఒక్కటే అడిగాడు. "మీరైతే ఎక్కడ దిగుతారమ్మా, చెప్పండి."

పిల్లలు చూశారు. ఎడమవైపు తెల్లటి నురగతో అలలు విరుగుతున్నాయి. కుడివైపూ అంతే. మధ్యలో కొంచెం మేర అలలు లేవు, నీళ్లు ముదురు రంగులో నిదానంగా ఉన్నాయి. అందరి వేళ్లూ ఆ మధ్య చోటునే చూపించాయి. నా వేలు కూడా అటే. తాత తల అడ్డంగా ఊపాడు. ఒక కొబ్బరి డొక్క తీసుకుని కిందికి దిగి ఆ నిదానమైన నీళ్లలోకి విసిరాడు. మేం చూస్తూండగానే అది తిన్నగా లోపలికి వెళ్లిపోయింది. పక్కన అలల్లోకి విసిరిన ఇంకో డొక్క మూడు అలలకే తిరిగి కాళ్ల దగ్గరికి వచ్చి పడింది.

తర్వాత ఈత అక్క ఇసుక మీద గీసి చూపించింది. ఒడ్డుకు కొంచెం దూరంలో నీళ్ల కింద ఇసుక మేట ఉంటుంది. మేట మీద లోతు తక్కువ కాబట్టి అల అక్కడ విరుగుతుంది. అలా ఒడ్డుకు వచ్చి పడిన నీళ్లన్నీ తిరిగి పోవాలి కదా, మేటలో ఎక్కడ గండి ఉంటే అక్కడి నుంచే పోతాయి. గండి లోతు, అందుకే అక్కడ అల విరగదు, చూడ్డానికి ప్రశాంతంగా ఉంటుంది. అందులో చిక్కుకున్న మనిషిని నీళ్లు కిందికి లాగవు, లోపలికి మోసుకుపోతాయి. భయపడి ఒడ్డు వైపే ఎదురీది అలసిపోయినవాళ్లే చచ్చిపోతారు. చిక్కుకుంటే ముందు వెల్లకిలా తేలాలి, చెయ్యెత్తి పిలవాలి, ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, నురగ కనపడే చోటికి చేరి, అప్పుడు అలలతో పాటు బయటికి రావాలి.

ఆర్కే బీచ్‌లో స్నానానికి దిగి కొట్టుకుపోయిన కుర్రాళ్ల వార్తలు ఏటా చదువుతూనే ఉంటాం. నీళ్లను ఇలా చూడడం మనకు బడిలో ఎవరూ ఎందుకు చెప్పరు? పది నిమిషాల పాఠం అది. పదిహేనేళ్ల పిల్లలకు ఎక్కువ తక్కువలు లేకుండా అందరికీ అర్థమైంది. ఆ తర్వాత ఏ బీచ్‌కు వెళ్లినా మా పిల్లలు ముందు నిలబడి, "గండి యాడుంది?" అని వెతకడం మొదలుపెట్టారు.

నీళ్లలోకి దిగడం మాత్రం రుషికొండలో, లైఫ్‌గార్డులు ఎర్ర పసుపు జెండాలు పాతిన మేరలోనే. శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ అది, శుభ్రంగానే ఉంది. లైఫ్ జాకెట్లు, నడుము లోతు, పక్కన తాడు. పిల్లల్ని జంటలు చేశారు. విజిల్ ఊదగానే జంట చేతులు పట్టుకుని పైకెత్తి తమ నంబరు అరవాలి. కదిరి పిల్ల ఆ పొద్దునే నా దగ్గరికి వచ్చి చెవిలో, తనకు నెలసరి వచ్చిందని, రూములో పడుకుంటానని చెప్పింది. నేను మేడంకు గుసగుసగా చెప్పబోతే ఆమె మామూలు గొంతుతోనే, "ఇందులో దాచేదేముందమ్మా. దిగాలనుంటే దిగొచ్చు, వద్దనుకుంటే ఈ విజిల్ నీది. లెక్క నువ్వు చూడు" అంది. ఒడ్డున నిలబడి అందరి తలలూ లెక్కపెట్టే పని అది, ఆ రోజుకు అన్నిటికంటే పెద్ద బాధ్యత. ఆ పిల్ల మధ్యాహ్నం దాకా కన్ను పక్కకు తిప్పలేదు.

ఉరవకొండ పిల్ల తేలడం నేర్చుకున్న తీరు నేను మర్చిపోను. అక్క ఒక చెయ్యి తల కింద, ఒక చెయ్యి నడుము కింద పెట్టి పడుకోబెట్టింది. పిల్ల అక్క మణికట్టును ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్లు దిగిపోయాయి. అక్క ఏమీ అనలేదు. "చెవులు మునగనీ, ఆకాశం చూడు, పొట్ట పైకి" అని అదే మాట, అదే గొంతు. అల వచ్చినప్పుడల్లా పిల్ల ముడుచుకుపోయేది, మళ్లీ మొదటి నుంచి. చాలాసేపటికి ముందు చిటికెన వేలు వదిలింది, తర్వాత ఒక్కొక్క వేలు. అక్క నడుము కింది చెయ్యి తీసేసింది, కాసేపటికి తల కింది చెయ్యీ తీసేసింది. పిల్ల తేలుతూనే ఉంది.

చూస్తుంటే నాకు మా ఊరి దిగుడుబావి గుర్తొచ్చింది. మా అన్న, చిన్నాన్న కొడుకులు ఎండాకాలం సెలవులంతా నడుముకు బెండ్లు కట్టుకుని అందులో ఈత నేర్చుకునేవాళ్లు. నేను మెట్ల మీద కూర్చుని వాళ్ల చొక్కాలకు కాపలా. దిగుతానంటే మా జేజి ఒప్పుకునేది కాదు. అన్నకు ఇప్పటికీ ఈత వచ్చు. నాకు రాదు. రుషికొండలో ఆఖరి రోజు నేనూ లైఫ్ జాకెట్ వేసుకుని దిగాను.

ఆదివారం పొద్దున మాత్రం మనసు పాడైంది. మంగమారిపేట ఒడ్డున సహజ శిలాతోరణం ఉంది కదా, ఆటు సమయంలో దాని కిందికి నడిచి వెళ్లొచ్చు. ఫొటోల కోసం బైకుల మీద కుర్రాళ్లు వచ్చారు. వచ్చినవాళ్లు రాయిని వదిలేసి, ఫుల్ చేతుల టీషర్టులు, లెగ్గింగులు వేసుకుని వస్తున్న మా పిల్లల వైపు ఫోన్లు తిప్పారు. పిల్లలు పరుగు ఆపేసి ఒకరి వెనక ఒకరు నక్కారు. నేను వెళ్లేలోపే, ఇసుక మీద నెత్తళ్లు ఎండబెడుతున్న ఒక పెద్దావిడ చేతిలో చీపురుతో లేచింది. "ఏట్రా తీస్తన్నారు? మీకు అప్పసెల్లెళ్లు నేరేటి? ఆ గుంటల బొమ్మలన్నీ తీసేసి మరీ కదలండి." ఫోన్లలో ఫొటోలు చెరిపేదాకా బైకులకు అడ్డంగా నిలబడింది. అంతటితో ఊరుకోకుండా మా పిల్లల వైపు తిరిగి, "మీరేటమ్మా దాక్కుంటన్నారు, పరిగెట్టండి" అని కసిరింది కూడా.

మర్నాడు రుషికొండకు వ్యాను బయల్దేరే వేళకు ఆమె గేటు దగ్గరుంది. పక్కన పన్నెండేళ్ల మనవరాలు. "మా మొగోళ్లు సంద్రంలోనే బతికేస్తారమ్మా. మా ఆడోళ్లకి మోకాల్లోతు దాటితే తెల్దు. దీనికీ నేర్పండి." నేను నివ్వెరపోయాను. సముద్రం పక్కనే పుట్టి, చేపలు అమ్మి, ఎండబెట్టి, ఇల్లు నడిపే మనిషికి ఈత రాదు. అనంతపురం పిల్లకూ మంగమారిపేట పిల్లకూ ఇందులో తేడా లేదన్నమాట. పీఈటీ మేడం, ఆ పిల్ల వాళ్లమ్మ సంతకం తెప్పించుకుని జాకెట్ ఇచ్చింది. ఆ పిల్లకు తేలడం రాదు గాని అలల సంగతి బాగా తెలుసు. పెద్దవి వరసగా వచ్చాక కాసేపు చిన్నవి వస్తాయని, ఆ సందులోనే అడుగెయ్యాలని మా వాళ్లకు చెప్పింది. పడవలు నీళ్లలోకి తోసేటప్పుడు చూసి నేర్చుకుందట.

తొట్లకొండ మీద బౌద్ధ భిక్షువులు వాననీళ్లు పట్టుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లు చూసి మా పిల్లలు ఎక్కువసేపు అక్కడే ఉండిపోయారు. నీళ్ల కరువు తెలిసిన ఊళ్ల పిల్లలు కదా. నేవీవాళ్లు 1976లో విమానంలోంచి సర్వే చేస్తూ ఈ కొండ సంగతి కనిపెట్టారని బోర్డు చదివి మరీ రాసుకున్నారు. ఎర్రమట్టి దిబ్బల్లో మాత్రం పట్టలేకపోయాం. వేల ఏళ్ల పాటు గాలి తెచ్చి పోసిన ఇసుక అది, ఇనుము వల్ల ఆ ఎరుపు. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించారు. అలాంటి చోట వాగు గండ్లలో నీళ్ల సీసాలు, చిప్స్ కవర్లు! పిల్లలు గోనెసంచి నిండా ఏరారు, దాన్ని వెయ్యడానికి చుట్టుపక్కల చెత్తబుట్ట దొరకక వ్యానులోనే తెచ్చుకున్నాం.

సాగర్ నగర్ వైపు అటవీశాఖ తాబేళ్ల హేచరీలో ఆ ఏటి చివరి ఆలివ్ రిడ్లీ పిల్లల్ని వదిలారు. ఇసుక వేడి ఎక్కువైతే గుడ్లలోంచి ఆడపిల్లలు ఎక్కువగా వస్తాయని అక్కడ ఒకాయన చెప్పాడు. "అయితే మన అనంతపురంలో పెడితే అన్నీ ఆడవే మేడం" అని హిందూపురం పిల్ల అంటే అందరూ నవ్వారు.

తిరిగొచ్చాక తల్లులు రంగు చూసి నొచ్చుకున్నారు, నేను ఊహించిందే. ధర్మవరం పిల్ల వాళ్ల నాన్నను కూర్చోబెట్టి ఆ పిల్ల గండి బొమ్మ గీసి చూపించింది. ఆయన చాలాసేపు విని, తను చిన్నప్పుడు చెరువులో దాదాపు పోయాడని ఆ రోజు మొదటిసారి కూతురికి చెప్పాడు.

మా దగ్గర ఒక ఈతకొలనుకు వెళ్లి అడిగాను. పొద్దున, సాయంత్రం మంచి వేళలన్నీ మగపిల్లలవే. ఆడపిల్లలకు విడిగా వేళ ఇవ్వాలంటే ఇరవై పేర్లు, సగం ఫీజు ముందే కావాలన్నారు. అడ్వాన్సు కట్టకముందు ఆడమనిషి కోచ్ ఉంటుందని రాసివ్వమన్నాను, రాసిచ్చారు. ఇప్పటికి పదకొండు పేర్లొచ్చాయి, అందులో ఇద్దరు తల్లులు కూడా ఉన్నారు. జూన్ 12న బళ్లు తెరిచేలోపు మిగతా తొమ్మిది పేర్లు పోగు చేయాలి.