సాల్వడోర్‌లో అలసంద వడ

బ్రెజిల్‌లోని సాల్వడోర్‌కి నాలుగు రోజుల ట్రిప్పు, కానీ నేను రాసేది ఒక్క సాయంత్రం గురించే. బీచ్‌లూ, లసెర్డా లిఫ్టూ, ఆ రంగురంగుల ఇళ్ళూ మీకు ఎక్కడైనా ఫొటోల్లో దొరుకుతాయి.

ముందు నా కడుపుమంట చెప్పేస్తా. ఆఫీసు పని మీద ఆర్నెల్లుగా సావోపాలోలో ఉంటున్నా, 2024 నవంబర్ 20 బుధవారం సెలవు అన్నారు, దానికి అటూ ఇటూ లీవు కలిపి సాల్వడోర్‌కి టికెట్ తీశా, రెండున్నర గంటల ఫ్లైటుకి గుంజిన డబ్బులు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది. దిగిన రోజే పెలోరీన్యో అనే పాత పేటలో ఒక గైడ్‌ని మాట్లాడుకున్నా, 120 రియల్స్. సావో ఫ్రాన్సిస్కో చర్చిలోకి తీసుకెళ్ళి గోడల నిండా ఉన్న ఆ బంగారు పూత చూపించి పోర్చుగీసువాళ్ళు కట్టారు అన్నాడు. కట్టించారు సరే, రాళ్ళు మోసిందెవరు అనడిగితే టైమైపోతోందని పక్క వీధిలోకి లాక్కుపోయాడు. పెలోరీన్యో అంటే ఏంటో కూడా చెప్పలేదు. రాత్రి రూమ్‌లో నేనే చూసుకున్నా, మనుషుల్ని కట్టేసి అందరి ముందూ కొరడాతో కొట్టే స్తంభమంట. ఆ పేరే పేట మొత్తానికి ఉండిపోయింది, ఇప్పుడు అక్కడే అందరూ నవ్వుతూ సెల్ఫీలు దిగుతున్నారు, నేను కూడా దిగొచ్చా, అది తెలిశాక ఆ ఫొటో తీసేశా.

అదే మంగళవారం సాయంత్రం మాత్రం రొజారియో దోస్ ప్రెటోస్ చర్చిలో డప్పులతో జరిగే ప్రార్థన దొరికింది. నీలం రంగు చర్చి, కొండవాలు మీద ఉంటుంది. 1704లో మొదలుపెడితే పూర్తవడానికి వందేళ్ళ దాకా పట్టిందంట, ఎందుకంటే కట్టుకున్నది బానిసలూ, విడుదలైన నల్లవాళ్ళూ, దొర పని చేసి మిగిలిన పొద్దులోనే ఇది చేసుకోవాలి. నా ప్రశ్నకి గైడ్ చెప్పని జవాబు ఆ గోడల్లోనే ఉంది అనిపించింది.

ఇంక బుధవారం. చూద్దామనుకున్న మ్యూజియం మూసేశారు, సెలవంట. ఎండ, ఆకలి, చిరాకు. టెరెయిరో ది జెజూస్ చౌక్‌లో ఒకావిడ తెల్ల లంగా, తెల్ల తలపాగా, మెడ నిండా పూసల దండలు వేసుకుని అప్పుడే బండి సర్దుకుంటోంది, అకరజే అనే వడలు అమ్మేవాళ్ళు అక్కడ ఇలాగే ఉంటారు, వాళ్ళని బయానా అంటారు. వెళ్ళి నిలబడ్డా. ఎర్రగా కాగుతున్న నూనెలో ముందు చిన్న చిన్నవి కొన్ని వేసి తీసి పక్కన పెట్టింది, అవి ఎవరికీ అమ్మలేదు. తర్వాత గిన్నెలో పిండిని పొడుగాటి చెక్క గరిటెతో కొట్టడం మొదలుపెట్టింది, అది చూసి నాకు ఒక్కసారిగా ఒళ్ళు ఝల్లుమంది.

అది అలసంద పిండి! నానబెట్టి పొట్టు తీసేసిన తెల్ల పిండి. మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె, సంక్రాంతికి మా అవ్వ రాత్రే అలసందలు నానేసి పొద్దున్నే పొట్టు కడిగి రోట్లో రుబ్బేది, చేత్తో అలాగే తిప్పి తిప్పి కొట్టేది, గాలి పట్టాలిరా అప్పుడే గుల్లగా వస్తాయి అనేది. ఈమె చెయ్యి కూడా అదే తిరుగుడు తిరుగుతోంది.

కెంచి? అని అడిగింది, అంటే వేడి. వేడివేడిగా కావాలి అని తలూపా, అక్కడ దానర్థం కారం వెయ్యాలా అని. వడ మధ్యకి చీల్చి కారం రాసి, వతపా అనే ముద్ద, బెండకాయలతో చేసిన కరురు, ఎండు రొయ్యలు కూరి ఇచ్చింది. మా సీమవాళ్ళకి ఆ కారం హాయిగానే ఉంటుంది. నూనె మాత్రం మనది కాదు, దెందే, పామ్ పండు నుంచి తీసే ఎర్ర నూనె, వాసన కాస్త ఘాటు. ధర 20 రియల్స్, దగ్గర దగ్గర 300 రూపాయలు, టూరిస్టు చౌక్ కాబట్టి అంతే, కానీ దానికి మాత్రం నాకు బాధ లేదు.

నా వెనక నిలబడ్డ కాలేజీ పిల్లకి ఇంగ్లీషు వచ్చు, తనే మా ఇద్దరి మధ్య మాటలు అందించింది. మా ఇంట్లో కూడా ఇదే చేస్తాం అంటే వడలావిడ నమ్మలేదు. అలసందలు పుట్టింది ఆఫ్రికాలోనే, మనకీ ఎప్పుడో అక్కడినుంచే వచ్చాయి, అక్కడి యొరూబా జాతివాళ్ళు ఈ వడని అకరా అంటారు, నైజీరియాలో ఇప్పటికీ అదే పేరు. బ్రెజిల్‌కి పడవల్లో దించిన ఆఫ్రికావాళ్ళు సుమారు 48 లక్షల మంది, ఇంకే దేశానికీ అంతమందిని తేలేదు. ఆ రోజుల్లో ఆడవాళ్ళు నెత్తిన తట్ట పెట్టుకుని వీధుల్లో తినేవి అమ్మి రోజూ దొరసానికి ఇంత అని కట్టాలి, పైన మిగిలిన చిల్లర దాచి దాచి కొందరు తమని తామే కొనుక్కున్నారు, బిడ్డల్నీ కొనుక్కున్నారు. వడ అమ్మి స్వేచ్ఛ కొనుక్కోవడం, ఆ మాట విన్నాక చేతిలో ఉన్నది కాసేపు తినలేకపోయా.

ఇవాళ ఏం సెలవు అని అడిగా. జుంబీ రోజు అంది ఆవిడ. పల్మారెస్ అని పారిపోయిన బానిసలు అడవికొండల్లో కట్టుకున్న రాజ్యం, ఇప్పటి అలగోవాస్ రాష్ట్రంలో, దాదాపు వందేళ్ళు నిలబడింది, దాని చివరి నాయకుడు జుంబీని 1695లో ఇదే తారీఖున చంపేశారు. దేశమంతా సెలవుగా పాటించడం ఆ 2024లోనే మొదలు. మరి బానిసత్వం రద్దయింది 1888 మే 13న కదా, ఆ రోజు కాదా పండగ అంటే, “ఆ రోజు రాకుమారి సంతకం పెట్టింది, మా చేతిలో ఏం పెట్టింది?” అంది. నిజమే, భూమి ఇవ్వలేదు, అన్నేళ్ళ కూలి బాకీ తీర్చలేదు, తోటల్లో పనికి సర్కారు డబ్బుతో ఇటలీ నుంచి మనుషుల్ని దింపారు.

మీ పెద్దవాళ్ళది ఆఫ్రికాలో ఏ ఊరు అని నోరు జారా. తెలీదు అంది మామూలుగా. 1890లో ఆర్థికమంత్రి రుయ్ బార్బోజా బానిసల రికార్డులు తగలబెట్టమని ఆర్డర్ ఇచ్చాడు, ఆయనదీ ఈ సాల్వడోరే. పేర్లు చూద్దామంటే సిల్వా, శాంతోస్, జెజూస్, చాలామందికి దొర పేరో, బాప్తిస్మంలో పెట్టిన పేరో. మన ఇంటిపేర్లలో చాలా ఊరి పేర్లే, పదితరాల కింద ఎక్కడినుంచి కదిలామో పేరే చెప్తుంది, అదొక ఆస్తి అని నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

వెళ్ళబోతూ ఆ పక్కన పెట్టిన చిన్న వడలు ఎవరికి అని అడిగా. మొదటివి ఎషుకి, దారులు కాచే దేవుడికి అంది. మా అవ్వ కూడా మొదటి వాయిలోంచి ఒక వడ తీసి పొయ్యిగట్టు మీద పెట్టేది, మమ్మల్ని ముట్టనిచ్చేది కాదు. అది చెప్తే ఆమె గరిటె ఆపి, మీ అవ్వ ఎవరికి పెట్టేది అని అడిగింది.

నేనెప్పుడూ అడగలేదు. రాత్రి ఎనిమిదికి అమ్మకి ఫోన్ చేశా, అక్కడ ఇంకా తెల్లారలేదు. అమ్మకీ తెలీదంట.