ఆరాధనకు ముందు చూసుకోవాల్సినవి

దివ్యసత్ప్రసాద ఆరాధనలో (కతోలిక గుడిలో, క్రీస్తు శరీరంగా నమ్మే అప్పాన్ని పీఠంపై ఉంచి దాని ముందు చేసే ప్రార్థన) తడబాటు ఎక్కువగా సాంబ్రాణి దగ్గరే. బొగ్గు అంచులు బూడిదరంగుకు తిరిగాకే గింజలు వేయాలి. తొందరపడితే పొగ సరిగా లేవదు. అందుకే పది నిమిషాల ముందే వెలిగించండి.

సత్ప్రసాదాన్ని మాన్‌స్ట్రెన్స్‌లో (అప్పం బయటికి కనిపించేలా ఉంచే అలంకృత పాత్ర) స్థాపిస్తే నాలుగు నుంచి ఆరు కొవ్వొత్తులు, సత్ప్రసాద పాత్రలోనైతే కనీసం రెండు. 1973 నాటి వాటికన్ ఆరాధన క్రమం ప్రకారం సత్ప్రసాదం ముందు ఒక్క మోకాలిపై వంగితే చాలు.

గురువు, డీకన్ (గురువు తర్వాతి స్థాయి అభిషిక్త సేవకుడు) లేనప్పుడు నియమిత సత్ప్రసాద పరిచారకులు స్థాపించవచ్చు, తిరిగి మందసంలో (సత్ప్రసాదం భద్రపరిచే పెట్టె) ఉంచవచ్చు. ఆశీర్వాదం మాత్రం ఇవ్వకూడదు. కేవలం ఆశీర్వాదం కోసమే స్థాపించడమూ నిషిద్ధం. వాక్యపఠనం, పాటలు, ప్రార్థన, మౌనం ఉండాలి. మన గుళ్లలో ఆ మౌనమే కరువు! దయచేసి మైకు కాసేపు ఆపండి.

ప్రభువును ఒంటరిగా వదలకూడదు కాబట్టి, రాత్రి వంతులకు ఇద్దరిద్దరిని వేయండి. ఒకరు రాకపోయినా మరొకరుంటారు.