బీపీ మిషన్ కొన్నాక ఏడు నెలలు

నాన్న 58 ఏళ్లకే పక్షవాతంతో పోయారు. ఆయనకు బీపీ ఉందని మాకు తెలిసింది ఆస్పత్రిలో చేర్చిన రోజే. తలనొప్పి అని కూడా ఎప్పుడూ అనని మనిషి, బీపీ ఏముంటుందిలే అనుకున్నాం. అందుకే నా 46వ ఏట, వేరే పని మీద డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు చేతికి పట్టీ కట్టి చూసి 148/94 అని రాస్తే నాకు కాళ్లలో వణుకు వచ్చింది.

ఒక్క రీడింగ్‌తో ఏదీ తేల్చలేమని డాక్టర్ చెప్పారు. ఆస్పత్రికి వచ్చామన్న టెన్షన్‌కే కొందరికి పెరుగుతుందట. ఏడు రోజులు ఇంట్లో కొలిచి రాసుకు రమ్మన్నారు. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, మధ్యలో ఒక నిమిషం ఆగి.

బీపీ కొలవడం కూడా నేర్చుకోవాల్సిన పనేనని అప్పుడే తెలిసింది. అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్, వ్యాయామం ఏవీ ఉండకూడదు. మూత్రానికి వెళ్లొచ్చి, కుర్చీలో వీపు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా, పాదాలు నేలకు ఆనించి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. పట్టీ చొక్కా మీద నుంచి కాదు, చర్మం మీదే కట్టుకోవాలి. కొలుస్తున్నంతసేపూ మాట్లాడకూడదు. నేను మొదటి రోజు ఫోన్లో మాట్లాడుతూనే కొలిచేశాను. ఆ రోజువి వదిలేసి మిగతా ఆరు రోజుల సగటు తీస్తే 139/89 వచ్చింది. ఇంట్లో కొలిచిన సగటు 135/85 దాటితే ఎక్కువ కిందే లెక్క. షుగర్, కిడ్నీ పరీక్షలు బాగున్నాయి కాబట్టి మూడు నెలలు మందు లేకుండా చూద్దామన్నారు. అందరికీ ఇలా కుదరదు. కొందరికి మొదటి రోజు నుంచే మందు కావాలి, అది డాక్టరే చెప్పాలి.

ఆ రాత్రే పెద్ద పట్టిక రాశాను. ఐదింటికి లేవడం, గంటసేపు పరుగు, తీపి బంద్, ఉప్పు సగం, ధ్యానం. పంతొమ్మిదో రోజుకు మోకాలు పట్టేసింది, ఇంట్లో అందరి మీదా విసుక్కుంటున్నాను. అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. నాన్న ఫోటో వైపు చూడలేకపోయాను.

మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఒక్కటే పట్టుకున్నాను. నిద్ర. అప్పటికి నేను పడుకునేది ఐదున్నర గంటలు. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటలు కావాలి. నిద్ర చాలని రోజున ఆకలి పెరుగుతుంది, కోపం పెరుగుతుంది, నడవాలంటే బద్ధకం. మిగతావన్నీ తప్పడానికి కారణం అక్కడే ఉందని నాకు గట్టిగా అనిపించింది, ఇప్పటికీ అదే నా నమ్మకం. ఫోన్‌ని రాత్రి పదింటికి వేరే గదిలో చార్జింగ్‌కి పెట్టేశాను. సెలవు రోజున కూడా లేచే టైమ్ మార్చలేదు. మొదటి పది రోజులు ఫ్యాన్ వైపు చూస్తూ పడుకున్నాను. నాలుగో వారానికి అలారం కంటే ముందే మెలకువ రావడం మొదలైంది. గురకలో నా ఊపిరి మధ్యమధ్యలో ఆగుతోందేమో చూడమని మా ఆవిడని అడిగాను. అలా ఆగే జబ్బు బీపీని పెంచుతుంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. నాకు లేదు.

నిద్ర కుదిరాకే నడక. 1953లో జెరెమీ మోరిస్ అనే డాక్టర్ లండన్ బస్సుల సిబ్బంది మీద చేసిన అధ్యయనం గురించి చదివాను. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండె జబ్బు తక్కువగా వచ్చిందట. రోజుకు పది గంటలు కుర్చీలో ఉండే నాకు అది సూటిగా తగిలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు. రోజుకు పంచితే ఇరవై రెండు నిమిషాలు కూడా లేదు! ఈసారి ఐదింటికి లేవలేదు. మధ్యాహ్నం తిన్న చెయ్యి కడుక్కోగానే చెప్పులు వేసుకోవడం, అంతే. భోజనం ఎలాగూ మానం కదా, దాని వెనకే నడకా వచ్చేసింది.

ఒకరోజు తప్పితే అంతా పోయినట్టే అనుకునే నన్ను నిలబెట్టింది మరో పరిశోధన. యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్లు 96 మందిని గమనిస్తే, కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టిందని లెక్క తేలింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదు. జ్వరం వచ్చి నాలుగు రోజులు నడవలేకపోయినప్పుడు ఆ మాటే పట్టుకుని ఐదో రోజు చెప్పులేసుకున్నాను.

ఉప్పు విషయంలో నేను చూసుకోనిది ప్యాకెట్ల వెనక లేబుల్. రోజుకు ఐదు గ్రాముల లోపు ఉప్పు అంటే సుమారు 2000 మిల్లీగ్రాముల సోడియం. నేను సాయంత్రం తినే చిరుతిండిలోనే అందులో మూడో వంతు ఉంది. అది మానేశాను. కూరలో ఉప్పు మాత్రం ఒక్కసారిగా కాకుండా వారం వారం కొంచెం తగ్గించాం, పిల్లలు గమనించలేదు. ఇక వారానికి రెండు రోజులు కుర్చీలోంచి చెయ్యి ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి తోయడం. వయసుతో కండ తగ్గిపోతుంది కాబట్టి ఇది మానను.

మూడు నెలలకు సగటు 133/84. ఏడు నెలలకు 127/81. ఇప్పటికైతే మందు అక్కర్లేదన్నారు, కానీ కొలవడం ఆపొద్దన్నారు. నెలలో మొదటి వారం కొలిచి అదే నోటుబుక్కులో రాస్తున్నాను.

పోయిన సోమవారం మా తమ్ముడు వచ్చి మిషన్ పట్టుకెళ్లాడు. వాడికి 41, ఇంతవరకూ ఒక్కసారీ చూపించుకోలేదు. ఫోన్ మాట్లాడుతూ కొలవొద్దని గట్టిగా చెప్పాను. రోజూ రాత్రి అంకెలు మెసేజ్ పెడుతున్నాడు. ఈ ఆదివారంతో ఏడు రోజులు అవుతాయి.