101కి ఫోన్ చేసిన రాత్రి

నిన్న రాత్రి తిరుపతిలో మా పక్కింట్లో గ్యాస్ సిలిండర్ అంటుకుంది. టెన్షన్‌లో 101 నొక్కడానికి కూడా వేళ్లు ఆడలేదు. సందు నిండా బైకులే, ఫైరింజన్ లోపలికి రాలేదు. మెయిన్ రోడ్డు మీదే ఆపి, పైపులు భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చారు. ఒకాయన తడి గోనెసంచి కప్పి, చెయ్యి లోపలికి పెట్టి రెగ్యులేటర్ కట్టేశాడు. బయటికొచ్చాక చూస్తే ముంజేతి మీద వెంట్రుకలన్నీ కమిలిపోయున్నాయి.

"మంటగా ఉందా అన్నా?" అంటే, "ముందు ఆ అవ్వకి నీళ్లియ్యండి" అన్నాడు.

1944లో బొంబాయి రేవులో ఓడ పేలి 66 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు. ఏటా ఏప్రిల్ 14న వాళ్లనే తలచుకుంటారు. ఆ తేదీ ఇన్నేళ్లూ నాకు పట్టనే లేదు, తలచుకుంటే బాధేస్తోంది.

పొద్దున్నే సందులోంచి నా బైకు తీసేశాను. మిగతావాళ్లనీ అడుగుతున్నా.